పిలవని పేరంటాలు: రీఫ్ ట్యాంకులో రాయి వెంట వచ్చినవి

రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టుకున్న పాఠకుల ఉత్తరాలకు ఈసారి శీర్షిక మొత్తం ఇచ్చేశాం. అందరిదీ ఒకటే మాట: లైవ్ రాక్‌తోనో (ప్రాణులు అంటుకుని ఉండే సముద్రపు రాయి), కొత్తగా కొన్న ఫ్రాగ్‌తోనో (పెంచుకోవడానికి అమ్మే పగడపు ముక్క) ఏదో ప్రాణి వచ్చింది, దాన్ని ఎలా చంపాలి? చంపడం తర్వాత సంగతి, ముందు అదేమిటో తేల్చుకోండి. ఇలా వచ్చేవాటిలో ఎక్కువ భాగం ట్యాంకుకు పనికొచ్చేవే. నిజంగా కీడు చేసేవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. చాలా ట్యాంకులు పురుగు వల్ల కాకుండా పురుగు కోసం పోసిన మందు వల్ల పోతున్నాయి.

ప్రశ్న: మాది 200 లీటర్ల ట్యాంకు. లైవ్ రాక్ మీద గోధుమ రంగులో, గాజులా పారదర్శకంగా చిన్న పువ్వు లాంటిది లేచింది. పక్కన ఉన్న జోవాలు (పువ్వుల్లా గుంపుగా పెరిగే, పగడాల్లాంటి మెత్తటి ప్రాణులు) ముడుచుకుంటున్నాయని పట్టకారుతో పీకేశాను. రెండు వారాలకు అదే చోట పది లేచినాయి. మళ్ళీ పీకాలా? — ఒక పాఠకుడు, కల్లూరు, కర్నూలు

పీకొద్దు. అది ఐప్టేషియా అనే సీ అనిమోన్, పువ్వులా కనిపించే సముద్ర ప్రాణి. సన్నటి కాడ, దాని పైన చుట్టూ మొన తేలిన పొడవాటి తంతువులు, ముట్టుకుంటే చటుక్కున రంధ్రంలోకి జారుకోవడం దాని గుర్తులు. తంతువులు పొట్టిగా ఉండి చివర్లు గుండ్రంగా ఉబ్బి, కాస్త పచ్చగా గానీ గులాబీగా గానీ ఉంటే అది మజానో అనిమోన్. రెండింటికీ వైద్యం ఒకటే.

ఐప్టేషియా పాదం నుంచి ఊడిన చిన్న ముక్క కూడా కొత్త ప్రాణిగా పెరుగుతుంది. మీరు పీకినప్పుడు కాడ తెగి వచ్చింది, పాదం రాతిలోనే ఉండిపోయింది, తునకలు నీళ్ళలో కలిశాయి. పది లేచింది అందుకే. బ్రష్షుతో రుద్దినా, బ్లేడుతో గీకినా ఫలితం ఇంతే.

అన్నిటికన్నా చవకైన మందు సున్నం. కాల్షియం హైడ్రాక్సైడ్ పొడిని ఒక టీస్పూను తీసుకుని, ఆర్‌ఓ నీళ్ళు చుక్కచుక్కగా కలుపుతూ జారు దోసె పిండిలా చేయండి. తాంబూలంలో వేసుకునే సున్నం కూడా అదే పదార్థం. అయితే కిళ్ళీ కొట్లో అమ్మే దాంట్లో రంగో, సువాసనో కలిపి ఉండవచ్చు కాబట్టి అది వద్దు. ల్యాబ్ సామాన్లు అమ్మే చోట శుద్ధమైన పొడి అడగండి. మెడికల్ షాపులో 5 మి.లీ. సిరంజి, లావుపాటి 18 గేజ్ సూది తెచ్చుకోండి. సన్న సూదిలో ఈ ముద్ద ఇరుక్కుపోతుంది.

పంపులు, వేవ్‌మేకర్ (నీళ్ళను కదిలించేది), స్కిమ్మర్ (నురగతో మురికి తీసేది) అన్నీ ఆపేయండి. నీళ్ళు కదలడం మానాక సూదిని పై నుంచి మెల్లగా దించి, తంతువులకు తగలకుండా సరిగ్గా నోటి మీద ముద్దను వదలండి. తిండి అనుకుని కొంత మింగుతుంది. ముడుచుకోవడం మొదలవగానే మిగతాది పైన కప్పి రంధ్రం పూడ్చేయండి. 15 నుంచి 20 నిమిషాలు పంపులు వేయొద్దు. తర్వాత మిగిలిన తెల్లటి ముద్దను సన్న ట్యూబుతో సైఫన్ చేసి (నీళ్ళతో పాటు పీల్చి) తీసేయండి. ముద్ద కదిలి జోవాల మీద పడితే అవీ కాలిపోతాయి. కళ్ళద్దాలు, చేతికి గ్లవ్స్ తప్పనిసరి. సున్నం కంట్లో పడితే ఏమవుతుందో మనవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

పదీ ఒకే రోజు చంపొద్దు, ఇది ముఖ్యం. సున్నం పీహెచ్‌ను పైకి తోస్తుంది. మీ 200 లీటర్లకు రోజుకు మూడు నాలుగు అనిమోన్లు, మొత్తం ముద్ద 3 మి.లీ. దాటకుండా చూడండి. పీహెచ్ 8.5కు చేరితే ఆ రోజుకు ఆపేయండి. రెండు వారాల తర్వాత టార్చి వేసి వెతకండి, తప్పించుకున్నవి చిన్నచిన్నగా మళ్ళీ కనిపిస్తాయి. వాటికీ ఇదే. సున్నం దొరక్కపోతే వడకట్టిన నిమ్మరసాన్ని ఇన్సులిన్ సిరంజితో కాడలోకి ఎక్కించవచ్చు. పని చేస్తుంది గానీ, సూది గుచ్చేలోపే అది లోపలికి పోతుంది. అందుకే మా ఓటు సున్నానికే.

ముప్పై నలభై దాటితే సిరంజితో మీ వల్ల కాదు. పెప్పర్‌మింట్ ష్రింప్ మూడు నాలుగు వేయండి. కొనేటప్పుడు జాగ్రత్త: ఒంటి మీద ఎర్ర గీతల మధ్య తెల్లటి గీతలు, చుక్కలు స్పష్టంగా ఉండి, వీపు గూనిగా ఉంటే అది కేమెల్ ష్రింప్. అది ఐప్టేషియాను వదిలేసి మీ జోవాలను, మష్రూమ్ పగడాలను తింటుంది. అసలు పెప్పర్‌మింట్‌కు తెల్ల గీతలుండవు, ఒళ్ళు పారదర్శకంగా ఉండి నిలువునా సన్నటి ఎర్ర గీతలుంటాయి. ఇవి చిన్న ఐప్టేషియాను బాగా తింటాయి, పెద్దవాటి జోలికి పోకపోవచ్చు. కాబట్టి పెద్దవాటిని సున్నంతో, పిల్లల్ని ష్రింప్‌తో. బెర్గియా అనే నూడిబ్రాంక్ (పెంకులేని సముద్రపు నత్త) ఐప్టేషియా తప్ప ఇంకేదీ తినదు. అవి అయిపోగానే ఆకలితో చస్తుంది, రాస్ చేపలుంటే వాటికి ఆహారమై అంతకు ముందే చస్తుంది. కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేపను ఎవరైనా సూచిస్తే వినొద్దు. 200 లీటర్లు దానికి చాలవు, తిండి అలవాటు చేయడమూ కష్టమే.

ప్రశ్న: రాత్రి లైట్లు ఆపాక ట్యాంకులోంచి టక్ టక్ అని చప్పుడు వస్తోంది. నత్తల పెంకులు పగిలి ఇసుక మీద పడి ఉంటున్నాయి. హెర్మిట్ క్రాబ్‌లు (ఖాళీ నత్త పెంకుల్లో ఉండే పీతలు) రెండు మాయమయ్యాయి. — పాఠకురాలు, సాయినగర్, అనంతపురం

ముందు ట్యాంకు సామాన్ల మీద అనుమానం తీర్చుకోండి. ఐదు నిమిషాలు పంపులు, హీటర్ ఆపండి. అయినా చప్పుడు వస్తే అది ప్రాణే. చప్పుడు చేసేవి ముఖ్యంగా రెండు. పిస్టల్ ష్రింప్‌కు ఒక చెయ్యి రెండోదానికన్నా చాలా పెద్దగా ఉంటుంది, ఇసుకలో రాయి కింద బొరియ తవ్వుకుంటుంది. దాని చప్పుడు వేలితో చిటిక వేసినట్టు ఒక్కసారిగా వస్తుంది. దాన్ని అలాగే ఉండనివ్వండి, కొన్ని గోబీ చేపలు దానితో జత కట్టి కాపలా కాస్తాయి కూడా. రెండోది మాంటిస్ ష్రింప్. కాడల మీద నిలబడి విడివిడిగా తిరిగే కళ్ళు, రాతిలో నున్నటి గుండ్రటి రంధ్రం, దాని ముందు పెంకు ముక్కల కుప్ప. మీరు రాసిన దాన్ని బట్టి మీ ట్యాంకులో ఉన్నది ఇదే, అందులోనూ గుద్ది పగలగొట్టే రకం. పొడిచే రకమైతే పెంకులు పగిలేవి కావు, చేపలు పోయేవి.

లైట్లు ఆపిన గంట తర్వాత టార్చికి వెలుతురు దాటే పల్చటి ఎర్ర కాగితం చుట్టి చూడండి. ఎర్ర వెలుతురు వాటిని పెద్దగా బెదిరించదు. ఏ రాయి, ఏ రంధ్రం అన్నది తేలాక ఫోన్లో ఫొటో తీసి గుర్తు పెట్టుకోండి. రంధ్రంలో వేలు మాత్రం పెట్టొద్దు. జాలర్లు దీన్ని బొటనవేలు చీల్చేది అని ఊరికే అనరు.

రాయి ఒక్కటే అయితే పని సులువు. దాన్ని మొత్తంగా తీసి ఖాళీ బకెట్లో పెట్టండి. కిరాణా కొట్లో దొరికే సాదా సోడా నీళ్ళు (తాగేవి, సోడా పొడి కాదు), ఉప్పూ తీపీ నిమ్మా ఏమీ కలవనివి, సిరంజితో 5 నుంచి 10 మి.లీ. రంధ్రంలోకి చిమ్మండి. అందులోని కార్బన్ డయాక్సైడ్ తట్టుకోలేక అది బయటికి దూకుతుంది. దూకిన వెంటనే ట్యాంకు నీళ్ళున్న వేరే డబ్బాలోకి మార్చండి. రాతిని ట్యాంకు నీళ్ళతో రెండుసార్లు కడిగి తిరిగి పెట్టేయండి. మొత్తం పని పది నిమిషాల్లో ముగియాలి. మన ఎండాకాలంలో బకెట్లో ఎక్కువసేపు ఉంచితే రాతిలోని మిగతా జీవమంతా పోతుంది. సోడా ట్యాంకులో పోయకూడదు.

రాళ్ళు అతికించి ఉంటే వల పన్నాలి. అర లీటరు ప్లాస్టిక్ సీసా మెడ కోసి, తలకిందులుగా లోపలికి దూర్చి, అడుగున చిన్న రొయ్య ముక్క, ఒక గులకరాయి వేసి రంధ్రం దగ్గర పడుకోబెట్టండి. తెలివైన ప్రాణి, మొదటి రాత్రే పడుతుందనుకోవద్దు. పట్టాక చంపేయక్కర్లేదు. 30 లీటర్ల చిన్న ట్యాంకులో పీవీసీ పైపు ముక్క పెట్టి ఉంచితే ఏళ్ళ తరబడి బతుకుతుంది. దీన్ని డబ్బు పెట్టి కొనుక్కునేవాళ్ళున్నారు.

ప్రశ్న: రాయి సర్దుతుంటే గులాబీ రంగు జెర్రి లాంటిది తగిలి వేళ్ళంతా మంట. సన్నటి తెల్ల నూగు గుచ్చుకుపోయింది. రాత్రిపూట చూస్తే ఇవి పదుల్లో ఉన్నాయి. — పాఠకుడు, ప్రొద్దుటూరు

ముందు చేతి సంగతి. రుద్దొద్దు. చెయ్యి తుడుచుకుని, సెల్లోటేపు అంటించి లాగండి, నూగు టేపుతో పాటు వస్తుంది. రెండు మూడుసార్లు చేశాక వెనిగర్ రాస్తే మంట తగ్గుతుంది. వాపు ముంజేతి దాకా పాకినా, ఆయాసం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఇక అది బ్రిసిల్ వర్మ్. మిగిలిన తిండిని, చచ్చిన ప్రాణుల్ని తినే పాకీ పని దానిది. ట్యాంకులో అవి లేకపోతే ఆ కుళ్ళంతా అమ్మోనియా అవుతుంది. చచ్చిన చేప మీద ఇవి మూగి ఉంటే ఇవే చంపాయనుకుంటారు, దాదాపు ఎప్పుడూ చేప ముందే చచ్చి ఉంటుంది. పదుల్లో ఉన్నాయంటే మీరు వేసే తిండి పదుల పురుగులకు సరిపోతోందన్న మాట. తిండి సగానికి తగ్గించండి, రెండు నిమిషాల్లో చేపలు తినగలిగినంతే వేయండి. రెండు నెలల్లో వాటి సంఖ్య వాటంతటవే తగ్గుతుంది. మందు పోసి అన్నిటినీ ఒకేసారి చంపితే ఆ శవాలన్నీ రాళ్ళ లోపల కుళ్ళుతాయి, తీయడానికి మీ చెయ్యి అందదు.

తీసేయాల్సిన చుట్టాలు రెండున్నాయి. తెల్ల నూగు మొదట్లో ఎర్రటి కుచ్చులుండి, లావుగా ఉండి, కోరల్ (పగడం) మీదికెక్కి తింటూ పట్టుబడితే అది ఫైర్ వర్మ్. ఒంటి మీద ఇంద్రధనుస్సు మెరుపు, తల మీద ఐదు మీసాలు, అడుగు పొడవు ఉంటే యూనిసిడ్ జాతి పురుగు. దాన్ని సగానికి తెంపకుండా రాయితో సహా బయటికి తీయాలి.

ప్రశ్న: ఇన్ని తంటాలెందుకు, రాతిని పెద్ద గిన్నెలో ఉడకబెడితే అన్నీ చస్తాయి కదా? — పాఠకుడు, ఆదోని

వద్దు. ఈ పేజీలో ఇంకేదీ చదవకపోయినా ఇది చదవండి. మనం జోవాలనే జోవాంథస్, పాలిథోవా జాతుల్లో కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో అదొకటి. వేడికి అది విరిగిపోదు. రాయి ఉడికితే ఆవిరి తుంపర్లతో ఇల్లంతా వ్యాపిస్తుంది. నోట్లో లోహపు రుచి, దగ్గు, జ్వరం, ఆయాసం, కండరాల నొప్పులు వస్తాయి. ఇలా రాతిని ఉడకబెట్టి కుటుంబం మొత్తం ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో నమోదయ్యాయి. పెంపుడు జంతువులకూ ప్రమాదమే. మైక్రోవేవ్‌లో పెట్టడం, వేడినీళ్ళు పోయడం, ప్రెషర్ నీళ్ళతో కొట్టడం, ఎండబెట్టిన జోవాలను బ్రష్షుతో గీకడం కూడా అంతే ప్రమాదం. అలాంటి లక్షణాలు కనిపిస్తే అందరూ బయటికొచ్చి ఆసుపత్రికి వెళ్ళండి, డాక్టరుకు పాలీటాక్సిన్ అని పేరు చెప్పండి. ఆ మాట చెప్పకపోతే మామూలు జ్వరం అనుకునే అవకాశం ఉంది.

జోవాలు అసలే లేని, చచ్చిన పాత రాయైతే ఆరుబయట ప్లాస్టిక్ టబ్బులో శుభ్రం చేయవచ్చు. పది భాగాల నీళ్ళకు ఒక భాగం సువాసన లేని బ్లీచ్ ద్రావణం, ఒక రోజంతా నానబెట్టడం, బాగా కడగడం, సోడియం థయోసల్ఫేట్ కలిపిన నీళ్ళలో మరో రోజు, ఆ పైన మన ఎండలో వారం. బ్లీచ్‌లో వెనిగర్ గానీ ఆసిడ్ గానీ ఎట్టి పరిస్థితిలోనూ కలపొద్దు, క్లోరిన్ వాయువు పుడుతుంది.

ప్రశ్న: గాజు మీద, రాళ్ళ మీద తుప్పు రంగు మచ్చలు, తోక దగ్గర చీలినట్టున్నాయి, మెల్లగా జరుగుతున్నాయి. మందు తెప్పించాను, సీసా మీద రాసినంత పోసేయనా? — పాఠకుడు, గుంతకల్లు

ఇవాళ పోయొద్దు. అవి ఎర్ర ఫ్లాట్ వర్మ్‌లు. బతికి ఉండగా పెద్ద హాని చేయవు, మరీ కమ్ముకుంటే కోరల్‌కు వెలుతురు అందకుండా చేస్తాయి. చచ్చేటప్పుడే వాటి ఒంట్లోని విషం నీళ్ళలోకి వస్తుంది. వేలల్లో ఉన్నవి ఒకేసారి చస్తే చేపలు గంటలోపు పోగలవు. మందు తప్పేం లేదు, పురుగుల సంఖ్యే ప్రమాదం.

కాబట్టి ముందు వారం రోజులు సైఫన్ చేయండి. ఎయిర్ పంపు ట్యూబుతో వాటిని పీల్చి, ఫిల్టర్ సాక్ (వడకట్టే గుడ్డ సంచి) గుండా సంప్‌లోకి (ట్యాంకుకు కలిపిన ఫిల్టర్ తొట్టి) వదిలితే నీళ్ళు వృథా కావు, పురుగులు గుడ్డలో ఉండిపోతాయి. ఆ సాక్‌ను రోజూ మంచినీళ్ళలో నానబెట్టి ఉతకండి. కంటికి కనిపించేవి బాగా పలచబడ్డాకే మందు. ఆ రోజు ముందుగానే 200 లీటర్ల ట్యాంకుకైతే కనీసం 40 లీటర్ల కొత్త ఉప్పునీళ్ళు, అంటే దాదాపు కిలోన్నర అక్వేరియం ఉప్పు, కలిపి 1.025 సాంద్రతకు తెచ్చి సిద్ధంగా ఉంచుకోవాలి. కొత్త యాక్టివేటెడ్ కార్బన్ (విషాన్ని పీల్చుకునే బొగ్గు) కూడా చేతిలో ఉండాలి. మందు వేసేటప్పుడు కార్బన్ బయటికి తీసి, పురుగులు రాలుతుంటే రాలినవాటిని రాలినట్టే సైఫన్ చేసి, సీసా మీద రాసిన సమయం కాగానే కార్బన్ పెట్టి నీళ్ళు మార్చండి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే సమయం కోసం ఆగకుండా వెంటనే ఈ పని చేయండి. మే నెల మధ్యాహ్నం, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజు ఈ పని పెట్టుకోవద్దు. నీళ్ళు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, పంపులు ఆగితే అదీ ఉండదు.

ప్రశ్న: గాజు మీద సూది మొనంత తెల్ల చుక్కలు పరుగెడుతున్నాయి. చిన్న చిన్న తెల్ల నక్షత్రాలు కూడా. — పాఠకురాలు, ఎర్రముక్కపల్లి, కడప

చుక్కలు కోపీపాడ్‌లు, చేపలకు ఉచిత భోజనం. నక్షత్రాలు ఆస్టెరీనా. ముక్కలుగా విడిపోయి పెరుగుతాయి కాబట్టి కాళ్ళు సమానంగా ఉండవు. ఎక్కువ భాగం గాజు మీది పాచి తింటాయి. జోవా మీద కూర్చుని, లేచాక కింద తెల్ల మచ్చ వదిలిన దాన్ని మాత్రం పట్టకారుతో తీసేయండి. వాటి కోసం హార్లెక్విన్ ష్రింప్ కొనొద్దు. అది సముద్ర నక్షత్రాలు తప్ప ఇంకేదీ తినదు, ఇవి అయిపోయాక దాన్ని పోషించడం కష్టం.

ప్రశ్న: రాతి మీద గట్టి గొట్టాలు మొలిచాయి, వాటి నుంచి జిగట దారాలు వస్తున్నాయి. — పాఠకుడు, నంద్యాల రోడ్డు, కర్నూలు

వర్మెటిడ్ నత్తలు. ఆ జిగట వలతో నీళ్ళలోని తిండి పడతాయి, వల తగిలిన కోరల్ ముడుచుకుంటుంది. గొట్టాన్ని పట్టకారుతో మొదటికంటా విరిచి, మిగిలిన రంధ్రం మీద జెల్ రకం సూపర్‌గ్లూ చుక్క పెట్టి మూసేయండి. నీళ్ళలోనే గట్టిపడుతుంది. పొడి రూపంలో కోరల్ ఫుడ్ వేస్తుంటే కొన్నాళ్ళు మానేయండి. గొట్టాల అంచులు చెయ్యి కోస్తాయి.

ప్రశ్న: వచ్చే నెల రామేశ్వరం వెళ్తున్నాం. సముద్రంలోంచి ఒక రాయి తెచ్చుకుంటే లైవ్ రాక్ ఖర్చు తప్పుతుంది కదా? — పాఠకుడు, పులివెందుల

తేవొద్దు. రాతి పగడాలన్నీ, సీ ఫ్యాన్‌లతో సహా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001 నుంచి ఉన్నాయి. చచ్చిన పగడపు ముక్క కూడా అందులోకే వస్తుంది. మూడు నుంచి ఏడేళ్ళ జైలు. పైగా రామేశ్వరం వైపు నుంచి తూత్తుకుడి దాకా ఉన్న 21 దీవులు మన్నార్ సింధుశాఖ మెరైన్ నేషనల్ పార్కు. సముద్ర దోసకాయలకు, సీ హార్స్‌లకూ ఆ చట్టం రక్షణ ఉంది. దుకాణంలో కొనేటప్పుడు కూడా రాయి, కోరల్ ఎక్కడివో అడగండి, దిగుమతి కాగితాలు చూపలేకపోతే కొనకండి.

ఖర్చు, పురుగులు రెండూ తప్పాలంటే డ్రై రాక్ మేలు. అందులో ప్రాణి ఏదీ ఉండదు కాబట్టి బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నెల నుంచి రెండు నెలలు ఆగాలి, అంతే. అయితే డ్రై రాక్ వేసి, జోవా ఫ్రాగ్‌ను కవరులోంచి తీసి నేరుగా ట్యాంకులో పెడితే చేసిందంతా వృథా. ఐప్టేషియా చాలాసార్లు ఫ్రాగ్ అడుగునున్న ప్లగ్గుకు (ఫ్రాగ్‌ను అతికించే చిన్న దిమ్మ) అంటుకుని వస్తుంది. గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని ప్లగ్గు నుంచి ఫ్రాగ్‌ను విడదీసి, పాత ప్లగ్గు పారేసి, కొత్తదానికి అతికించండి. ఒక లీటరు ట్యాంకు నీళ్ళలో 5 శాతం లూగాల్స్ అయోడిన్ 10 చుక్కలు వేసి, ఫ్రాగ్‌ను 10 నుంచి 15 నిమిషాలు ముంచి, పిప్పెట్‌తో నీళ్ళు చిమ్ముతూ ఉండండి. తెల్ల గిన్నె వాడితే రాలినవి కనిపిస్తాయి. జోవాలను తినే నూడిబ్రాంక్‌లు, నలుపు తెలుపు చుక్కల చుట్టలున్న సన్‌డయల్ నత్తలు, సీ స్పైడర్‌లు ఇందులోనే బయటపడతాయి. తర్వాత శుభ్రమైన ఉప్పునీళ్ళలో కడగండి. ఇలా ముంచడాన్నే డిప్ అంటారు, ఆ నీళ్ళు ట్యాంకులోకి పోకూడదు. మెడికల్ షాపులో దొరికే సబ్బు కలిసిన అయోడిన్ స్క్రబ్ ఇందుకు పనికిరాదు.

ఏ డిప్పూ గుడ్లను చంపదు. పాలిప్‌ల (జోవా గుంపులోని ఒక్కో పువ్వు) కింద తెల్లటి చుట్టల్లా గుడ్లు కనిపిస్తే పాత టూత్ బ్రష్షుతో నీళ్ళలో ముంచి ఉంచే తీసేయండి, ఈ పనికీ గ్లవ్స్, కళ్ళద్దాలు ఉండాల్సిందే. కనిపించకపోయినా ఫ్రాగ్‌ను 20 లీటర్ల వేరే ట్యాంకులో, 25 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంచి, ఐదు నుంచి ఏడు రోజులకోసారి చొప్పున నాలుగు వారాలు డిప్ చేయండి. మధ్యలో ఒక్క పురుగు రాలినా లెక్క మళ్ళీ మొదటి నుంచి.